ఇంగ్లీషు వచ్చు గానీ నోరు పెగలడం లేదు

ప్రశ్న: నా వయసు 24. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్, బీటెక్ పేరుకు ఇంగ్లీషు మీడియమే అయినా పాఠాలన్నీ తెలుగులోనే చెప్పేవారు. ఏడాదిన్నరగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. మారతహళ్లిలో తెలుగువాళ్ల పీజీలో ఉంటాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మెయిల్స్ బాగానే రాస్తాను. రోజూ ఉదయం జరిగే స్టాండప్ మీటింగులో మాత్రం నోరు పెగలదు. నా వంతు వచ్చేసరికి ‘నో అప్‌డేట్స్’ అనేస్తాను. పోయిన వారం నేను పట్టుకున్న బగ్ (ప్రోగ్రాములో లోపం) గురించి పక్క సీటు అమ్మాయి మీటింగులో చెప్పింది, మెచ్చుకోలు ఆమెకు దక్కింది. క్లయింట్ మాటలు సగం అర్థం కాకపోయినా ‘ఓకే’ అంటున్నాను. పీజీలో ఇంగ్లీషులో మాట్లాడబోతే స్నేహితురాళ్లు నవ్వుతున్నారు. కూరగాయల అంగడిలో, ఆటోలో వచ్చీరాని కన్నడతో నెట్టుకొస్తున్నాను. ఇంగ్లీషు దగ్గరే ఇలా అవుతోంది. ‘30 రోజుల్లో అనర్గళంగా’ అన్న ప్రకటన చూసి ఒక కోచింగ్ సెంటరులో డబ్బు కట్టాను, గ్రామర్ తప్ప ఏమీ చెప్పలేదు. ఇంకో కోర్సులో చేరాలా? తెలుగు యాస పోగొట్టుకోవాలా? తెలుగులో ఆలోచించడం మానేస్తే తప్ప ఇంగ్లీషు రాదంటున్నారు, నిజమేనా?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది కన్నడ సంగతి. ఏడాదిన్నర కిందట మీకు ఆ భాషలో ఒక్క ముక్క వచ్చి ఉండదు. ఈ రోజు బెండకాయల ధర అడుగుతున్నారు, ఆటో డ్రైవరుకు దారి చెబుతున్నారు. అందుకోసం ఏ కోర్సులోనూ చేరలేదు. ‘కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె’ అని మొహమాటపడకుండా మొదలుపెట్టి ఉంటారు. మాట తడబడినప్పుడు అంగడాయన అందించి ఉంటాడు, మీరు అందుకుని ఉంటారు. కొత్త భాషను నోటికి తెచ్చుకునే శక్తి మీకు ఉందనడానికి వేరే రుజువు అక్కరలేదు. కాబట్టి నాకు భాషలు అబ్బవన్న అనుమానం మీ మనసులో ఏ మూలైనా ఉంటే ముందు దాన్ని వదిలేయండి.

మరి అదే నోరు స్టాండప్‌లో ఎందుకు మూతపడుతోంది? కొంతవరకు అది పరువు సమస్య. కన్నడలో తప్పు మాట్లాడితే ‘పాపం, వేరే ఊరి అమ్మాయి, నేర్చుకుంటోంది’ అనుకుంటారు. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే మన చదువును, మన ఊరిని, మన అమ్మానాన్నల స్తోమతును ఎదుటివాళ్లు తూకం వేస్తున్నారని అనిపిస్తుంది. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం సర్కారు డబ్బును ఇంగ్లీషు చదువుకు మళ్లించింది. అప్పటి నుంచి ఆ భాష మన ఇళ్లలోకి ఉద్యోగం పేరుతోనే వచ్చింది, హోదా పేరుతోనే నిలిచింది. కన్నడ మిమ్మల్ని ఎవరూ పరీక్షించని భాష. ఇంగ్లీషు మొదటి రోజు నుంచీ మార్కుల భాష.

ఆ మార్కులు కూడా రాతకే. బడిలో ఇన్నేళ్లు ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివారు కదా, అందులో ఒక్కసారైనా నిలబడి సొంత వాక్యం చెప్పవలసిన అవసరం మీకు వచ్చిందా? గైడులో జవాబులు కంఠస్థం చేయడం, పరీక్షలో దించేయడం, అంతే. ఇంటర్, బీటెక్‌లలో పుస్తకం ఇంగ్లీషు, వివరణ తెలుగు. చదవడం, రాయడం సాధన చేయించారు కాబట్టి అవి మీకు వచ్చాయి. మాట్లాడటం ఎక్కడా చేయించలేదు కాబట్టి అది రాలేదు. చేయించని పని రానందుకు సిగ్గుపడవలసినవాళ్లు మీరు కాదు. ఈ మాట కోపంగానే రాస్తున్నాను. ఏటా ఎంతోమంది తెలివైన పిల్లలు ఈ లోటును తమ తెలివితక్కువతనంగా లెక్కగట్టుకుని బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు.

అయితే ధైర్యం తెచ్చుకోండి అని చెప్పి ఊరుకుంటే మీకు ఒరిగేదేమీ ఉండదు. అసలు చిక్కు వాక్యం నడకలో ఉంది, దాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

కన్నడ మీకు త్వరగా పట్టుబడటానికి ఒక కారణం, ఆ వాక్యం నడక మన వాక్యం నడకే కావడం. కర్త ముందు, కర్మ మధ్యలో, క్రియ చివర. మాటలు మార్చుకుంటే చాలు, వరస మార్చనక్కరలేదు. ఇంగ్లీషులో కర్త వెనకే క్రియ రావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి సాధారణంగా ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. తెలుగులో కర్తను చెప్పకపోయినా నష్టం లేదు, క్రియ చివర చూసి ఎవరో పోల్చుకుంటాం. జరిగిందా లేదా అన్నది కూడా ఆఖరి అక్షరాల్లోనే తేలుతుంది. ‘పంపాను’, ‘పంపలేదు’. అంటే తెలుగు మాట్లాడేవాళ్లు చెప్పవలసిందంతా పోగుచేసుకుని చివర్లో ముడి వేస్తారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ముడి ముందే వేసి, ఆ తర్వాత ఒక్కో విషయం జతచేస్తూ పోతారు.

మీ పనిలోంచే ఒక సందర్భం తీసుకుందాం. మీ మనసులో మొదట మెదిలే వాక్యం ఇలా ఉండవచ్చు: ‘నిన్న సాయంత్రం పేమెంట్ పేజీలో డబ్బు కట్టాక వెనక్కి బటన్ నొక్కి చూస్తే, ఖాతాలో డబ్బు పోతోంది గానీ ఆర్డరు నమోదు కావడం లేదని గమనించాను.’ తెలుగులో ఇది లక్షణమైన వాక్యం. దీన్ని మొదటి మాట నుంచి వరసగా ఇంగ్లీషులోకి మార్చబోతే ఏమవుతుందో చూడండి. నిన్న సాయంత్రం అంటారు, పేమెంట్ పేజీ అంటారు, వెనక్కి బటన్ అంటారు, అక్కడ ఆగిపోతారు. ‘గమనించాను’ అనే క్రియ మీ చేతికి ఇంకా అందలేదు, ఇంగ్లీషులో అది రావలసిన చోటు ఎప్పుడో దాటిపోయింది. వెనక్కి వెళ్లి వాక్యం మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోగా స్క్రీన్ మీద ఉన్న మొహాలన్నీ మీ వైపే చూస్తుంటాయి. ఆ క్షణంలో తప్పించుకునే మాట ‘నో అప్‌డేట్స్’. మీకు ఇంగ్లీషు రాక అది అనడం లేదు, పొడవాటి వాక్యాన్ని తలకిందులు చేసే పనిని అరక్షణంలో పూర్తిచేయలేక అంటున్నారు. ఆ పని ఎవరికైనా కష్టమే.

అందుకని ఆ పనే పెట్టుకోకండి. వాక్యాన్ని ముందు తెలుగులోనే విరగ్గొట్టండి. ‘నేను ఒక బగ్ పట్టుకున్నాను. అది పేమెంట్ పేజీలో ఉంది. నేను డబ్బు కట్టాను. వెనక్కి నొక్కాను. డబ్బు పోయింది. ఆర్డరు రాలేదు.’ ఇప్పుడు ఇంగ్లీషు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ‘ఐ ఫౌండ్ ఎ బగ్. ఇట్ ఈజ్ ఇన్ ద పేమెంట్ పేజ్. ఐ పేడ్. ఐ ప్రెస్డ్ బ్యాక్. ద మనీ వెంట్. ద ఆర్డర్ డిడ్ నాట్ కమ్.’ ఒక్కో వాక్యంలో తలకిందులు చేయవలసింది రెండు మూడు మాటలే.

బీటెక్ చదివి ఇలా చిన్నపిల్లల్లా మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ బగ్‌ను సరిచేయవలసిన డెవలపరుకు కావలసింది సరిగ్గా ఈ ఆరు ముక్కలే. ఎక్కడ, ఏం చేస్తే, ఏమైంది. పొడవాటి వాక్యంలో చెప్పినా అతను మనసులో ఇలాగే విడగొట్టుకుని రాసుకుంటాడు. మాటలు కూడా మీ దగ్గర లేనివి కావు. బెంగాల్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1953లో ఇంగ్లీషులో అతి తరచుగా వాడే సుమారు 2000 మాటల పట్టిక ప్రచురించాడు. మామూలు ఇంగ్లీషు రాతలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆ మాటలతోనే నిండి ఉంటాయి. వాటిలో మీకు తెలియనివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనితో మీ చివరి ప్రశ్నకు జవాబు వచ్చేసింది. తెలుగులో ఆలోచించడం మానేయనక్కరలేదు. అది మానేద్దామన్నా కుదిరే పని కాదు, పైగా బగ్ పట్టుకున్న బుర్ర ఆ తెలుగు బుర్రే. ఆలోచన తెలుగులోనే రానివ్వండి, చిన్న ముక్కలుగా రానివ్వండి. సాధన పెరిగే కొద్దీ కొన్ని వాక్యాలు తెలుగు దాకా వెళ్లకుండానే ఇంగ్లీషులో వచ్చేస్తాయి. ఎప్పటి నుంచి అలా వస్తున్నాయో మీకే తెలియదు.

ఇక స్టాండప్ సంగతి. ఇది నిజానికి మీకు అనుకూలమైన మీటింగు. ఏ ఆఫీసులోనైనా అందులో అడిగేవి దాదాపు మూడే ప్రశ్నలు: నిన్న ఏం చేశారు, ఈ రోజు ఏం చేస్తారు, ఏదైనా అడ్డు ఉందా. ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్ష ఇది. ‘ఐ టెస్టెడ్’, ‘ఐ విల్ టెస్ట్’, ‘ఐ నీడ్’, ఈ మూడు తలుపులు తీసుకుని లోపలికి వెళితే చాలు. ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు ఆ రోజు చెప్పవలసిన నాలుగైదు చిన్న వాక్యాలను పైకి వినిపించేలా చెప్పుకోండి. మనసులో అనుకుంటే లాభం లేదు. మనసులో అందరూ అనర్గళంగానే మాట్లాడతారు. పెదవులు, నాలుక కదలాలి, మీ గొంతు మీ చెవికి వినిపించాలి. స్నానాల గదిలోనైనా సరే, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడైనా సరే. కాగితం మీద పూర్తి వాక్యాలు రాసుకోకండి. రాసుకుంటే కళ్లు వాటిని వదలవు, ఒక మాట తప్పితే మొత్తం తప్పుతుంది. పేమెంట్, బ్యాక్, మనీ, ఆర్డర్ అని మాటలు మాత్రమే రాసుకోండి.

ఇంకొకటి. మీ మేనేజరును విడిగా కలిసి, స్టాండప్‌లో మొదటి వంతు మీకు ఇవ్వమని అడగండి. ఆరుగురు మాట్లాడాక తన వంతు కోసం కూర్చున్న మనిషికి భయం పెరుగుతుందే గానీ తగ్గదు. మొదట మీరు మాట్లాడేస్తే మిగతా సమయమంతా ఇతరులు చెప్పేది వినడానికి మిగులుతుంది. ఇప్పుడు మీరు వాళ్ల మాటలు వినడం లేదు, మీ వాక్యం కూర్చుకుంటూ కూర్చుంటున్నారు.

యాస గురించి అడిగారు. పోగొట్టుకోనక్కరలేదు. ప్రపంచంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో అది మాతృభాష అయినవాళ్ల కన్నా ఆ తర్వాత నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. మీ క్లయింట్ జర్మనీవాడైనా, జపానువాడైనా అతనికీ అది రెండో భాషే. ఒంగోలు గిత్తకు ఉన్నంత పేరున్న నేల నుంచి వచ్చారు, ఆ నేల మాటలో వినిపిస్తే సిగ్గుపడేదేముంది? కాకపోతే యాస వేరు, అర్థం కాకపోవడం వేరు. అర్థం కాకుండా చేసే అలవాట్లు కొన్ని మనకు ఉన్నాయి. వాటిని దిద్దుకోవాలి.

అన్నిటికన్నా పెద్దది ఊనిక. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా కాలం దక్కుతుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. మన ఛందస్సంతా ఆ లెక్క మీదే నిలిచింది. ఇంగ్లీషుకు ఆ న్యాయం లేదు. మాటలో ఒక భాగాన్ని గట్టిగా, సాగదీసి పలికి మిగిలినవాటిని నలిపేస్తారు. మీరు రోజూ వాడే ‘డెవలపర్’లో ఊనిక ‘వె’ మీద పడాలి, ‘డి-వె-లపర్’ అన్నట్టు. ‘రిపోర్ట్’లో రెండో భాగం మీద. ‘డేటాబేస్’లో మొదటి దాని మీద. ‘ఫొటోగ్రాఫ్’లో మొదట ఉన్న ఊనిక, ‘ఫొటోగ్రాఫర్’కు వచ్చేసరికి రెండో భాగానికి జరుగుతుంది. మనం అన్ని అక్షరాలకూ సమానంగా విలువిచ్చి పలికితే, ఊనికను బట్టి మాటను గుర్తుపట్టే అలవాటున్నవాళ్లకు అది కొత్త మాటలా వినిపిస్తుంది. మంచి నిఘంటువు ఏది తెరిచినా ఊనిక పడే భాగం ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. మీ పనిలో రోజూ వచ్చే ఒక ముప్ఫై నలభై మాటలకు ఆ గీత ఎక్కడుందో చూసి పెట్టుకోండి, అంతకన్నా అక్కరలేదు.

క్లయింట్ మాటలు మీకు సగమే అర్థం కావడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. అతను నలిపేసిన అక్షరాల కోసం మీ చెవి వెతుకుతోంది. ‘క్యాన్’ అనే మాటను వాక్యం మధ్యలో దాదాపు ‘కన్’ అని మింగేస్తారు. ‘కాంట్’ను మాత్రం నిండుగా పలుకుతారు. మీరు ‘ఐ క్యాన్ డూ ఇట్’లో ‘క్యాన్’ను గట్టిగా నొక్కి చెబితే, చేయలేనంటున్నారని కొందరు అనుకోవచ్చు.

తర్వాతిది మాట చివర. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘టెస్ట్’ను టెస్టు, ‘బగ్’ను బగ్గు అంటాం. తెలుగులో అవి మన మాటలే, అలాగే అనాలి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి ‘ఉ’ను వదిలేయండి. అంతకన్నా ముఖ్యం, జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు క్రియ చివర వచ్చే ‘ట్’, ‘డ్’ శబ్దాన్ని మింగకండి. ‘ఫిక్స్’ అంటే సరిచేయడం, ‘ఫిక్స్‌ట్’ అంటే సరిచేసేశాం. ఆ ఒక్క పొల్లు వినిపించకపోతే పని అయిందో, ఇక ముందు అవుతుందో ఎదుటివాళ్లకు తెలియదు. టెస్టర్‌కు ఇది ప్రాణం లాంటి పొల్లు.

మన ‘వ’ ఇంగ్లీషులో రెండు వేర్వేరు శబ్దాల పని చేస్తోంది. ‘వెరిఫై’, ‘వర్షన్’ అనేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. ‘వెబ్’, ‘విండో’ అనేటప్పుడు పళ్లతో పని లేదు, పెదవులు రెండూ సున్నాలా చుట్టాలి. అద్దం ముందు నిలబడి రెండు రోజులు చూసుకుంటే చాలు. మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. ‘యాప్’, ‘ట్యాబ్’ మాటల్లోని అచ్చు చాలా భాషలవాళ్లకు కష్టం. మనం ‘వచ్చాడు’, ‘చేశాడు’ అనేటప్పుడు దానికి బాగా దగ్గరైన అచ్చునే రోజంతా పలుకుతుంటాం.

వ్యాకరణంలో మీరు వెంటనే దిద్దుకోవలసిందిగా నేను ఒక్కటే చెబుతాను, ఎందుకంటే మిగతావి తప్పినా అర్థం చెడదు, ఇది తప్పితే చెడుతుంది. ‘నిన్నటి బిల్డ్ (టెస్ట్‌కు వచ్చిన ప్రోగ్రాము ప్రతి) టెస్ట్ చేయలేదా?’ అని తెలుగులో అడిగితే, చేయనప్పుడు మనం ‘అవును, చేయలేదు’ అంటాం. అడిగినవారి మాటతో ఏకీభవిస్తాం. ఇంగ్లీషులో అదే ప్రశ్నకు జరిగిన పనిని బట్టి జవాబు చెబుతారు. చేయకపోతే ‘నో’. మీరు తెలుగు పద్ధతిలో ‘యస్’ అని ఊరుకుంటే, టెస్ట్ చేసేశారనుకుని బిల్డ్‌ను ముందుకు పంపేస్తారు. అందుకే ఇలాంటి ప్రశ్నకు వట్టి యస్, నో అని ఎప్పుడూ వదిలేయకండి. ‘ఐ డిడ్ నాట్ టెస్ట్ ఇట్’ అని పూర్తిగా చెప్పండి. ‘ఎ’, ‘ద’ లాంటి చిన్న మాటలు మన భాషలో లేవు, అవి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది, వాటి గురించి ఇప్పుడు బెంగపడకండి.

ఎక్కడ మాట్లాడాలన్నది ఇంకో చిక్కు. మారతహళ్లిలో ఉండే సుఖమే మీకు అడ్డవుతోంది. పీజీ యజమానిది నెల్లూరు, కింద ఆంధ్రా మెస్సు, గదిలో గుంటూరు అమ్మాయి, మొబైల్ రీచార్జి చేసే కుర్రాడిది అనంతపురం. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా తెలుగుతోనే గడిచిపోతుంది. ఇంటికి దూరంగా ఉన్న ఆడపిల్లకు ఆ ఊరట చిన్నది కాదు, పీజీ మారమని నేను చెప్పను. ఆ గుంపుతో ఇంగ్లీషు మాట్లాడే ప్రయత్నం కూడా మానుకోండి. తెలుగులో నవ్వుకుని, అలిగి, మళ్లీ కలిసిపోయే స్నేహితురాళ్ల మధ్య ఇంగ్లీషు నాటకంలా ఉంటుంది, నవ్వు రావడం సహజం. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి.

మీకు కావలసింది ఒక్క మనిషి. తెలుగు రాని మనిషి అయితే మరీ మంచిది. ఒడిశా నుంచో, కేరళ నుంచో, అస్సాం నుంచో వచ్చి, మీలాగే ఇంగ్లీషులో తడుముకుంటున్న అమ్మాయి మీ ఆఫీసులోనే ఉండి ఉంటుంది. ఇద్దరి మధ్యా ఇంగ్లీషు తప్ప వేరే దారి లేకపోవడమే మీకు కావలసిన బడి. మధ్యాహ్నం భోజనం ఆమెతో చేయండి. ఊరి పండుగల గురించి, చేపల పులుసు గురించి, రిలీజ్ రోజు పడ్డ అవస్థ గురించి మాట్లాడుకోండి. ఒక్క నియమం పెట్టుకోండి: మాట్లాడుతుండగా ఒకరి తప్పు ఒకరు దిద్దకూడదు. దిద్దడం మొదలైతే అది మళ్లీ పరీక్ష అయిపోతుంది.

చెవికి, నోటికి కలిపి ఒక సాధన ఉంది. ఒక నిమిషం నిడివి ఉన్న మాట ఏదైనా తీసుకోండి, స్పష్టంగా మాట్లాడే మన దేశపు మనిషిదైతే మేలు. దాన్ని వింటూ, ఆ మనిషి వెనకే, అదే వేగంతో, అదే ఎత్తుపల్లాలతో పైకి పలకండి. వారమంతా అదే ఒక్క నిమిషం. రోజుకొక కొత్త వీడియో చూడటం కన్నా ఇదే నాలుకకు పట్టు ఇస్తుంది. వారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఫోనులో రికార్డు చేసుకుని పోల్చుకోండి. మీ ఆఫీసు మీటింగుల రికార్డింగులు ఉంటే అవి ఇంకా మంచివి, మీకు కావలసిన మాటలన్నీ వాటిలోనే ఉంటాయి. అయితే వాటిని ఆఫీసు కంప్యూటర్‌లోనే వినండి, బయటికి తెచ్చుకోకండి.

ఇంకో కోర్సులో చేరాలా అంటే, ఇప్పుడే వద్దు. కట్టిన డబ్బు పోయిందని బాధపడుతున్నారు, ఆ బాధలో మళ్లీ ఇంకోచోట కట్టకండి. 30 రోజుల మాట ఎంతవరకు నిజమో మీరే చూడండి. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పించడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను నడుపుతోంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఉద్యోగికి తెలుగులో పని చేయగలిగినంత పట్టు రావడానికి ఆ సంస్థ వేసిన లెక్క 44 వారాలు, సుమారు 1100 తరగతి గంటలు. జీతమిచ్చి, కూర్చోబెట్టి, గురువులను పెట్టి నేర్పినా అంత కాలం. అటు నుంచి ఇటు రావడానికి ఉన్న దూరమే ఇటు నుంచి అటు వెళ్లడానికీ ఉంటుంది. ఆ దూరంలో చదవడం, రాయడం అనే పెద్ద భాగాన్ని మీరు ఉద్యోగంలో చేరక ముందే నడిచేశారు. నా అంచనాలో స్టాండప్ కొన్ని వారాల్లో గాడిన పడుతుంది. క్లయింటుతో ఒక విషయం మీద వాదించి నెగ్గడానికి ఏడాది, ఆ పైన పట్టవచ్చు.

రెండు మూడు నెలలు ఇలా గడిచాక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు ఒకదానికి వెళ్లి చూడండి. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ అది, బెంగళూరులో పేటల్లోనూ, పెద్ద ఆఫీసుల్లోనూ దాని క్లబ్బులు ఉన్నాయి. అతిథిగా వెళ్లి కూర్చోవడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే భాగం అక్కడ ఉంటుంది, మీకు పనికొచ్చేది అదే. కోచింగ్ సెంటరులోనే చేరాలనిపిస్తే డబ్బు కట్టే ముందు ఒక తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. ఆ గంటలో పిల్లలు ఎక్కువ మాట్లాడారా, మాస్టారు ఎక్కువ మాట్లాడారా చూడండి. మాస్టారే మాట్లాడితే తిరిగి వచ్చేయండి.

పక్క సీటు అమ్మాయి సంగతి నన్ను నిజంగా బాధపెట్టింది. ఆమె కావాలని చేసిందో, మీరు ‘నో అప్‌డేట్స్’ అనడం విని ఎవరో ఒకరు చెప్పాలి కదా అని చెప్పిందో మనకు తెలియదు. ఆమెతో తగవు పెట్టుకోవద్దు, మళ్లీ అలా జరిగే దారి మూసేయండి. మీ రాత మీ బలం. బగ్ దొరికిన వెంటనే మీ పేరుతో నమోదు చేయండి. స్టాండప్‌కు పది నిమిషాల ముందు టీమ్ చాట్‌లో రెండు వరసలు పెట్టండి: ఫలానా బగ్ దొరికింది, మీటింగులో చెబుతాను. ఇప్పుడు ఆ విషయం మీదని అందరికీ తెలుసు. మీటింగులో మీరు తడబడినా, చాట్‌లో చదివినవాళ్లు మీ మాటను అందుకుంటారు. ‘నో అప్‌డేట్స్’ అనే మాటను మాత్రం ఈ రోజుతో ఆపేయండి. రోజంతా పని చేసి, ఏమీ చేయలేదని మీ నోటితో మీరే చెప్పుకుంటున్నారు. ఏడాది చివర పనితీరు లెక్కలు వేసేటప్పుడు మేనేజరుకు గుర్తుండేది ఆ మాటే.

ఇక క్లయింటుకు చెప్పే ‘ఓకే’. అర్థం కాని చోట అది చెప్పడం నాకు ‘నో అప్‌డేట్స్’ కన్నా ఎక్కువ భయం కలిగించింది. అక్కడ వాడటానికి రెండు వాక్యాలు నోటికి పట్టించుకోండి. మొదటిది, ‘కుడ్ యు సే ద లాస్ట్ పార్ట్ అగైన్?’ అంతా మళ్లీ చెప్పమంటే అతను అదే వేగంతో మొత్తం వల్లిస్తాడు, చివరి ముక్క అంటే ఆ ముక్కనే నిదానంగా చెబుతాడు. రెండోది, మీకు అర్థమైనంత మీరే తిరిగి చెప్పడం. ‘సో యు వాంట్’ అని మొదలుపెట్టి, అర్థమైన సగాన్ని చిన్న వాక్యంలో చెప్పి ఆగండి. తప్పయితే అతనే దిద్దుతాడు, మిగతా సగం అతనే పూర్తిచేస్తాడు. కాల్ ముగిశాక ఆ రోజు ఒప్పుకున్న విషయాలను మూడు వరసల్లో రాసి అతనికి మెయిల్ పంపండి. మెయిల్ రాయడం మీకు బాగా వచ్చు కదా. చెవి జారవిడిచినది ఏదైనా ఉంటే అతని జవాబులో దొరుకుతుంది.